కడగని రవ్వ

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. పొయ్యి మీద నీళ్ళు పెట్టి ఒక పేజీ రాద్దామని కూర్చుంటే, గిన్నె మాడిన వాసన వచ్చేదాకా ఆ పేజీ సగంలోనే ఉంటాను. తప్పులు దిద్దగలిగిన మనిషి ఇంట్లోనే ఉంది, కానీ ఆమె కళ్ళకు పొర కమ్మింది. నేను చదివి వినిపిస్తే "ఆ మాట అక్కడ అతకలేదక్కా" అంటుంది గాని, కాగితం మీద గుణింతం తప్పితే ఆమెకేం తెలుస్తుంది? అందువల్ల ఇందులో మాటలు ఇద్దరివీ, తప్పులు మాత్రం నావే.

ఇది రాయడానికి కారణం ఉంది. మొన్న మా వరసలోకి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల కుళాయి దగ్గర మొక్కజొన్న రవ్వ కడుగుతూ కనిపించింది. ఎర్ర గీత సంచిలోని రవ్వే. ఎంత శ్రద్ధగా కడుగుతోందో! వేళ్ళతో కలియబెట్టి, నీళ్ళు వంచి, మళ్ళీ పట్టి, మళ్ళీ వంచి. నేను మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి వెళ్ళి గిన్నె పట్టుకున్నాను.

"ఏంటి పెద్దమ్మా, పిచ్చిగానీ పట్టిందా?" అంది.

ఆ మాట ఆ కుళాయి దగ్గర నేను ఇంతకుముందు కూడా విన్నాను. అందుకని రాస్తున్నాను.

మేము ఉండేది మొక్కజొన్న మిల్లు వెనక వరస ఇళ్ళలో. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. మిల్లు నడుస్తుంటే మేకుకు తగిలించిన అద్దం వణికేది, అందుకని మా వరసలో ఎవరి ముఖం వాళ్ళకు కుదురుగా కనిపించేది కాదు. పొట్టు గాలికి లేచి ఆరేసిన బట్టల మీద, నిద్రపోయే పిల్లల కనురెప్పల మీద పడేది. ఆ రోజుల్లో ఇంట్లో అత్తమ్మ, మరిది, మరిది భార్య, వాళ్ళ చంటిపాప, నేను. నా భర్త అదే మిల్లులో మూటలు మోసేవాడు. గోదాములో పేర్చిన మూటల వరస జారి ఆయన మీద పడింది. ఆయన పోయాక ఆయన పొడుగు చేతుల పని చొక్కా అత్తమ్మ తీసుకుంది. తన బట్టల మీద అది తొడుక్కుని తిరిగేది. ఎండాకాలంలోనూ విప్పేది కాదు. కొడుకు మీద బెంగ అనుకునేవాళ్ళం.

అత్తమ్మకు శుభ్రమంటే ప్రాణం. వరసలో ఆమెను కడుగుళ్ళమ్మ అనేవారు. "ఆవిడ నీళ్ళను కూడా కడిగి తాగుతుంది" అని నవ్వుకునేవారు. కానీ ఆ శుభ్రం వెనక బిడ్డ కోసం గుంట తవ్విన కథ ఉంది. ఆమె మొదటి బిడ్డ, నా భర్త కంటే ముందు పుట్టిన ఆడపిల్ల, మాటలు వచ్చీ రాని వయసులో పోయింది. ఆ ఏడాది గోదాములో నేల మీద ఊడ్చిన రవ్వ పంచారట. ఎలుకల పెంటికలు, కిరసనాయిలు వాసన. అది తిని బిడ్డకు వాంతులు, విరేచనాలు. అప్పటి నుంచి అత్తమ్మ చేత్తో మూడు నీళ్ళు చూడని గింజ మా పొయ్యి ఎక్కలేదు. రవ్వ కడిగే పని కోడళ్ళకు ఇచ్చేది కాదు. మేము కూరగాయలు తరగొచ్చు, నీళ్ళు మోయొచ్చు, అంట్లు తోమొచ్చు. రవ్వ గిన్నె మాత్రం ఆమెదే. కడిగిన నీళ్ళు కాలవలో పొయ్యనిచ్చేది కూడా కాదు. "అందులో గింజ పాలుంటాయి, నోరున్నదేదో తాగాలి" అని పెరటి గుమ్మం దగ్గరున్న పగిలిన తొట్టిలో పోసేది. ఆ కుడితి తాగేది మిల్లు కుక్క. దాన్ని వరసలో మేనేజరు అని పిలిచేవారు, ఎందుకంటే పొద్దస్తమానం నీడలో పడుకుని, పనిచేసేవాళ్ళను చూసి గుర్రుమనేది. ఒకసారి అసలు మేనేజరు ఇటు వచ్చినప్పుడే ఎవరో "ఛీ మేనేజరూ, అవతలికి పో" అని అరిచారు. ఆయన నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

మా తోటికోడలు ఏడో తరగతి దాకా చదివింది. మా వరస మొత్తంలో చదవడం వచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే. మందు సీసాల మీద ఉన్నది, మిల్లు గోడకు అంటించినది అన్నీ ఆమెతోనే చదివించుకునేవారు. బడిపిల్ల అని పేరు పడింది. అత్తమ్మకు ఆ చదువు మీద పెద్ద గౌరవం లేదు. "అక్షరాలు ఉడికించుకుని తింటామా ఏంటే?" అనేది. కోడలు కూడా తక్కువది కాదు. "మీరు కడిగిపెట్టండత్తా, నేను ఉడికిస్తాను" అనేది. అత్తమ్మ ముఖం అటు తిప్పుకుని నవ్వేది.

అలాంటి ఇంటి మీదకి మిల్లు సగం నడిచిన ఏడాది వచ్చింది. పెద్ద యంత్రం విరిగింది. అందులో పనిచేసే మరిదికి జీతం బదులు రవ్వ ఇచ్చారు. పొద్దున జావ, మధ్యాహ్నం ముద్ద, రాత్రి మళ్ళీ జావ. పప్పు, పాలు, గుడ్డు కొనే మాటే లేదు. నేను ఒక భోజన హోటల్లో అంట్లు తోమేదాన్ని, అక్కడ ఒక పూట పప్పుతో తినేదాన్ని. ఇంటికి తెద్దామంటే గేటు దగ్గర సంచి విప్పి చూసేవారు. మరిది ఎక్కడ కూలి దొరికితే అక్కడ తినేవాడు. ఇంట్లో ఉండి మూడు పూటలా రవ్వే తిన్నది ముగ్గురు: అత్తమ్మ, బడిపిల్ల, ఆమె పాల మీద బతుకుతున్న పాప.

మొదట బడిపిల్ల మెడ చుట్టూ నల్లటి గీత వచ్చింది, హారం వేసుకున్నట్టు. చేతుల మీద చర్మం ఎండకు కాలినట్టు నల్లబడి, గరుకెక్కి, పగిలింది. నాలుక ఎర్రగా పండి ముద్ద మింగలేకపోయేది. విరేచనాలు పట్టుకున్నాయి. తర్వాత కంటికి నిద్ర లేకుండా పోయింది. తర్వాత, చెప్పడానికి నోరు రావడం లేదు, మనిషే పోవడం మొదలుపెట్టింది. పాపను కుళాయి దగ్గర వదిలేసి వచ్చి, "పాపేదక్కా?" అని నన్నే అడిగేది. గోడ దగ్గరికొస్తోందని మంచం జరిపేది. ఒక్కోసారి మామూలుగా ఉండేది. పాప జుట్టు దువ్వి, పాట పాడి, "నాకేమవుతోందక్కా?" అని నా చెయ్యి పట్టుకునేది. ఆ క్షణాలే ఎక్కువ భయపెట్టేవి. లోపల దీపం ఆరిపోలేదు, పొగ కమ్ముకుంటోందంతే.

అప్పుడు వచ్చింది నర్సమ్మ. ఎక్కడో దూరం నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి. బడిపిల్ల మెడ చూడగానే, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

"ఇది మొక్కజొన్న ఒక్కటే తినేవాళ్ళకొచ్చే జబ్బు. ఒంటికి, పేగుకి, బుర్రకి కావలసిన సత్తువ ఒకటుంటుంది. మొక్కజొన్నలో అది ఉన్నా, పెట్టెలో పెట్టి తాళమేసినట్టుంటుంది. ఒళ్ళు దాన్ని తీసుకోలేదు" అంది.

"మరి తాళంచెవి ఎవరి దగ్గరుందమ్మా?" అని అడిగింది అత్తమ్మ.

నర్సమ్మ నవ్వింది. "తాళం తియ్యక్కర్లేదు పెద్దమ్మా. అదే సత్తువని విడిగా పొడి చేసి రవ్వలో కలుపుతున్నారు. దాంతోపాటు నెత్తురుకి ఇనుము, కడుపులో బిడ్డ వెన్నుపూస సరిగ్గా కట్టడానికి ఇంకోటి, నరాలకి ఇంకోటి. మిల్లులో గింజ పైపొర తీసేసినప్పుడు పోయినవన్నీ మళ్ళీ కలిపి ఇస్తున్నారన్నమాట. మీ మిల్లుకి ఆ మూటలు తెప్పిస్తాను. ఈ పిల్లకి మాత్రలు కూడా కావాలి, రవ్వ ఒక్కటే చాలదు. మాత్రలు అయిపోయాయి, మళ్ళీ రాగానే తెస్తా. అందాకా పాలో, పల్లీలో, ఏది దొరికితే అది పెట్టండి."

ఎర్ర గీత మూటలు వచ్చాయి. ఒక్కో ఇంటికి ఒకటి. విప్పితే రవ్వ మీద అక్కడక్కడ పసుపు పచ్చటి ధూళి, మాత్ర నలిపిన వాసన. వరసంతా గుసగుసలు. "పురుగులు పడకుండా మందు కలిపారట" అంది ఒకావిడ. "కాదు, మనకి పిల్లలు పుట్టకుండా కలిపారు" అంది ఇంకొకావిడ. ఆవిడకు అప్పటికే ఏడుగురు పిల్లలు. "ఇప్పుడు కలిపి ఏం లాభం?" అన్నాడు ఆవిడ మొగుడు.

అత్తమ్మకు నర్సమ్మ మాట మీద గౌరవముంది కనుక రవ్వ తినడానికి ఒప్పుకుంది. కానీ ఆ ధూళి చూసిన కళ్ళకు ఏ గోదాము నేల గుర్తొచ్చిందో మాకు తెలుసు. మూడు నీళ్ళకు ఇంకో రెండు కలిపింది. వంచిన నీళ్ళు పచ్చగా పోతుంటే, "చూశావా, ఎంత మురికో!" అని నాకు చూపించింది. నేను చూశాను. నాకూ మురికిలాగే కనిపించింది.

బడిపిల్లకు తగ్గలేదు. పైగా కొత్తది ఒకటి మొదలైంది. అత్తమ్మ గిన్నెతో కుళాయి దగ్గరికి వెళ్ళగానే ఎక్కడున్నా లేచి వచ్చేది.

"కడగొద్దత్తా. కడగొద్దు."

"ఎందుకే?"

"మూట చెప్తోంది. కడగొద్దంటోంది మూట."

గోడలు నడవడం ఒక ఎత్తు, మూటలు మాట్లాడటం ఇంకో ఎత్తు. కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. "పిచ్చి బాగా ముదిరింది" అన్నారు. అత్తమ్మ ఆమె తల నిమిరి, "సరే అమ్మా, నువ్వు లోపల పడుకో" అనేది. మళ్ళీ కడిగేది. బడిపిల్ల లోపలికి వెళ్ళి, మూట పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, దాని మీద వేలు పెట్టి గొణుక్కునేది. "చెప్తూనే ఉంది, ఎవరూ వినరు" అనేది. అంతలో గోడ జరుగుతోందని లేచిపోయేది. రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తుంటే, ఏది పొగో ఏది దీపమో ఎవరు చెప్పగలరు?

ఒక పొద్దున గొడవ జరిగింది. పొయ్యి మీద ఎసరు కాగుతోంది. అత్తమ్మ కడిగిన రవ్వ పొయ్యబోతుంటే బడిపిల్ల వచ్చి గిన్నె పట్టుకుంది. ఇద్దరూ లాగారు. మోచెయ్యి తగిలి ఎసరు ఒలికింది. పాప అప్పుడే పాకుతూ వస్తోంది. వేడినీళ్ళు పాపకు జానెడు దూరంలో ఆగాయి. పాప భయపడి కెవ్వుమంది. మరిది గుమ్మంలో నిలబడి చూశాడు.

ఆ సాయంత్రం వెళ్ళి పిచ్చాసుపత్రి వాళ్ళతో మాట్లాడి వచ్చాడు. కాగితం మీద వేలిముద్ర వేశాడు. వారం తిరిగేసరికి బండి వస్తుందన్నాడు. ఆ ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు మా వరసకు తిరిగి రావడం ఎవరూ చూడలేదు. అతను అన్నం మానేసి, ముఖం గోడకు తిప్పి పడుకున్నాడు.

"మందు రవ్వ తిన్నా తగ్గలేదు వదినా. ఇంకేం చెయ్యను? రేపు పాప మీద పోస్తే?" అన్నాడు.

మరునాడు అంట్లు తోముతూ ఒకే విషయం నమిలాను. అదే రవ్వ తిన్న పక్కింటి పిల్లలకు ఎందుకు తగ్గింది? పక్కింటావిడను నిద్రమొహం అనేవాళ్ళం. పొద్దెక్కేదాకా లేచేది కాదు. రవ్వ కడగడం మాట అటుంచి, పిల్లల ముఖాలు కడగడమే గొప్ప. సంచిలోంచి తీసి నేరుగా ఎసట్లో పోసేసేది. వాళ్ళ పిల్లల చేతుల మీద పగుళ్ళు మాని కొత్త చర్మం వచ్చింది. "దరిద్రానికి ఒళ్ళు గట్టి" అనేది అత్తమ్మ.

ఇంటికి వచ్చేసరికి పెరటి గుమ్మంలో మేనేజరు తోక ఊపింది. నేను ఆగిపోయాను. కొన్నాళ్ళ క్రితం ఆ కుక్క చచ్చిపోతుందనుకున్నాం. నోట్లోంచి చొంగ, నాలుక అంచులు నల్లగా, ముద్ద వేసినా తినలేక మూలిగేది. మా వరసలో కుక్కకు మాత్రం ఏం దొరుకుతుంది, అది కూడా రవ్వ ముద్దే తినేది. ఇప్పుడు నాలుక గులాబీ రంగులో ఉంది. బొచ్చు నిగనిగలాడుతోంది. పగిలిన తొట్టిలో పచ్చటి కుడితి అడుగు దాకా నాకి, ఇంకా ఉందా అన్నట్టు నా వైపు చూసింది.

ఇంట్లోకి వెళ్ళలేదు. అటునుంచి అటే నర్సమ్మ దగ్గరికి నడిచాను. ఆమె మందుల గది మూస్తోంది.

"అమ్మా, ఒకటడుగుతా, నవ్వద్దు. మనుషుల జబ్బు కుక్కలకొస్తుందా?"

"ఏ జబ్బు?"

"నాలుక నల్లబడి..."

తాళంచెవి ఆమె చేతిలోనే ఉండిపోయింది. "వస్తుంది. ఇదే జబ్బు, కుక్కలకి నాలుక నల్లబడుతుంది. ఏ కుక్కకి తగ్గింది? ఏం తిన్నది?"

చెప్పాను. కుడితి తాగిందన్నాను. ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. రవ్వ కడిగిన నీళ్ళని వివరించాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"రవ్వ కడుగుతారా? మా వైపు మెత్తటి పిండే తింటాం. పిండిని కడగడమనేది ఎక్కడా చూడలేదు. నేను చెప్పాలని కూడా తట్టలేదమ్మా. ఆ సత్తువలు చాలావరకు నీళ్ళలో కరిగిపోయేవి. కడిగితే ఏం మిగులుతుంది? సంచి మీద రాసే ఉంటుంది కదా!"

ఆమె నాతోపాటు ఇంటికి వచ్చింది. మూట వెనక్కి తిప్పి, ఎర్ర గీత కింద వేలు పెట్టి చదివింది. "వండే ముందు కడగరాదు. వండిన నీరు వంచరాదు."

మూట పక్కన బడిపిల్ల మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. నర్సమ్మ వేలు ఆగిన చోట సంచి గుడ్డ నలిగి మెరుస్తోంది. అది బడిపిల్ల వేలు రోజూ రాసిన చోటు.

"చెప్పాను కదక్కా" అంది తల ఎత్తకుండానే.

అత్తమ్మ నేల మీద కూర్చుండిపోయింది. "దాని నోటి దగ్గర ముద్ద నా చేత్తో కుక్కకి పోశాను" అంది. నర్సమ్మ ఏదో ఓదార్పు చెప్పబోయింది. "మీరుండండమ్మా" అని అత్తమ్మ లేచింది. సంచిలో చెయ్యి పెట్టింది. పచ్చటి ధూళి ఆమె వేళ్ళకు అంటింది. ఒక బిడ్డను మింగిన మురికి ఆమెకు ఆ ధూళిలో ఇంకా కనిపిస్తూనే ఉంది, నర్సమ్మ ఎంత చెప్పినా కనిపించడం మానదు. అయినా కళ్ళు గట్టిగా మూసుకుని, కడగని రవ్వను ఎసట్లో పోసింది. పోసిన వేళ్ళను కూడా కడగలేదు. ఆ ఎసట్లోనే ముంచి తిప్పింది.

మర్నాడు నర్సమ్మ మాత్రల కోసం పట్నం వెళ్ళింది. "బండి ముందే వస్తే నేనొచ్చేదాకా ఎలాగైనా ఆపండి" అని చెప్పి వెళ్ళింది. బండి ముందే వచ్చింది.

కడగని రవ్వ తినడం మొదలుపెట్టి కొద్ది రోజులే అయింది. బడిపిల్ల కాస్త నిద్రపోతోంది, నోటి మంట కొంచెం తగ్గింది, అంతే. ఆసుపత్రి మనిషి కాగితాల సంచితో దిగాడు. చెడ్డవాడు కాదు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నీ పేరేంటమ్మా?"

ఆమె పాప వైపు చూస్తూ ఊరుకుంది.

"ఇవాళ ఏ వారం?"

చాలాసేపు ఆలోచించి ఏదో వారం చెప్పింది. అది తప్పు. ఆయన మరిది వైపు చూశాడు. మరిది తల దించుకున్నాడు. వరసంతా గుమ్మం ముందు నిలబడి ఉంది.

అత్తమ్మ మూటను ఈడ్చుకొచ్చి కోడలి ముందు పెట్టింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి కోడలిని ఒక్క అక్షరం చదివి పెట్టమని అడగని మనిషి, "చదువమ్మా. అందరూ వినాలి" అంది.

బడిపిల్ల వేలు సంచి మీదకి వెళ్ళింది. గొంతు పగిలి ఉంది. ఒక్కో మాటకూ ఆగుతూ చదివింది. "పోషకాలు కలిపిన మొక్కజొన్న రవ్వ. ఇనుము..." ఆ తర్వాత నోరు తిరగని పేర్లు కొన్ని, అవి కూడా విడివిడిగా, వదలకుండా. చివరికి, "వండే ముందు కడగరాదు" దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తి అత్తమ్మను చూసింది.

"మూట మాట్లాడుతోందంటే పిచ్చన్నాం కదా, ఇదీ అది మాట్లాడింది" అంది అత్తమ్మ వరసవాళ్ళతో.

ఆసుపత్రి మనిషి ఇబ్బందిగా కదిలాడు. "చదవడం మంచిదే పెద్దమ్మా. కానీ వారం పేరు కూడా తెలీని మనిషిని..."

"నాకూ తెలీదు నాయనా. నన్నూ ఎక్కించు బండి."

"మిల్లు సగమే నడిచే రోజుల్లో ఏ వారమైతే ఏముంది, నాకూ తెలీదు" అంది నిద్రమొహం గుమ్మంలోంచి. ఆవిడకైతే నిజంగానే తెలీదు.

"అమ్మా" అన్నాడు మరిది. "ఆ వేడినీళ్ళు... పాప మీద పడుంటే?"

"అది పొయ్యలేదురా ఆ నీళ్ళు. గిన్నె వదలమని అది చెప్పింది, నేను వదల్లేదు. ఇద్దరం లాగాం. దాని వైపు న్యాయం ఉంది, నా వైపు మొండితనం ఉంది. పంపితే నన్ను పంపు."

మరిది పాపను ఎత్తుకున్నాడు. భార్య వైపు చూశాడు. ఆమె చేతులు చాచింది. అతను పాపను ఆమె ఒళ్ళో పెట్టాడు. అది చిన్న పని కాదు. తర్వాత ఆసుపత్రి మనిషి ముందుకు బొటనవేలు చాపాడు.

"తీసుకెళ్ళమని వేలిముద్ర వేశాను సార్. వద్దని ఇంకోటి వేస్తాను. ఎక్కడెయ్యాలి?"

ఆయన కాసేపు కాగితాలు తిప్పాడు. నర్సమ్మ వచ్చి చూసి చెప్పేదాకా ఆగుతానన్నాడు. బయట డ్రైవరు, "ఖాళీ బండైతే గుంతల్లో తేలిగ్గా పోద్ది, రండి సార్" అన్నాడు. దుమ్ము రేపుకుంటూ బండి వెళ్ళిపోయింది. మేనేజరు దాని వెనకే మొరుగుతూ మిల్లు గేటు దాకా సాగనంపి వచ్చింది.

రెండో రోజు నర్సమ్మ మాత్రలు తెచ్చింది. బడిపిల్ల తెప్పరిల్లడం కళ్ళముందు జరిగింది. గోడలు వాటి చోట నిలబడ్డాయి. నిద్ర వచ్చింది. ఒక ఉదయం పాప ఏడిస్తే, నాకంటే ముందు లేచి, "ఎందుకే నీకంత తొందర?" అని విసుక్కుంది. ఆ విసుగు విని నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఇక్కడితో ఆపితే బాగుండేది.

మాత్రలు ఇస్తూ నర్సమ్మ అత్తమ్మ చెయ్యి పట్టుకుని, "మీరూ వేసుకోండి" అంది. అత్తమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ లాగడంలో చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లగా, చెట్టు బెరడులా ఉంది. మెడకు చుట్టుకున్న తుండు విప్పితే అక్కడా అంతే. అందరికీ పెట్టి, గిన్నెకు అంటుకున్నది గోకి తినే మనిషి. కొన్నాళ్ళుగా అదీ తినకుండా పాప కోసమని కోడలి పళ్ళెంలోకి తోసేదని తర్వాత తెలిసింది. ఎప్పటి నుంచి మోస్తోందో ఆ జబ్బు.

"ముందే చూపించలేదేమత్తా?" అన్నాను.

"రోజంతా నీళ్ళలో నానే చేతులు కదే. కడిగీ కడిగీ అలా అయ్యాయనుకున్నా" అంది.

మాత్రలు వేసుకుంది, కడగని రవ్వ తింది. కానీ పేగు అప్పటికే పాడైపోయింది, తిన్నది నిలవలేదు. ఆఖరి రోజుల్లో బడిపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ సంచి మీది ఇంకోసారి చదువు" అనేది. కోడలు చదివేది. ఆ నోరు తిరగని పేర్లను అత్తమ్మ కళ్ళు మూసుకుని, పోయిన చుట్టాల పేర్లు విన్నట్టు వినేది. "ఇందులో ఇన్నున్నాయా!" అనేది. ఒకరోజు, "ఇంట్లో చదివే మనిషి ఒక్కరే ఉంటే చాలదే. ఆ ఒక్కరికీ ఒళ్ళు బాగోకపోతే ఇల్లంతా గుడ్డిదే" అని నా వైపు చూసింది. నేర్చుకోమనే ఆ మాట. ఆమె చొక్కాతోనే పోయింది. మేము విప్పలేదు.

నేను వెంటనే నేర్చుకోలేదు. పని, నీరసం, సిగ్గు. యంత్రం బాగయింది, మిల్లు నడిచింది, పాప పెరిగి పెద్దదై ఇంకో ఊళ్ళో కాపురం చేసుకుంటోంది. మరిది కూడా మిల్లు దగ్గరే కన్నుమూశాడు. మేమిద్దరం మిగిలాం. ఆమె కళ్ళకు పొర కమ్మడం మొదలైనప్పుడు అత్తమ్మ మాట గుర్తొచ్చింది. చూపు మిగిలి ఉండగానే నాకు నేర్పమన్నాను. పలక కొనలేదు. ఎర్ర గీత సంచి ముందు పెట్టుకున్నాం. నేను మొదట కూడబలుక్కున్న వాక్యం "వండే ముందు కడగరాదు." అప్పుడు ఆమె వేలు నా వేలిని పట్టి నడిపించింది. ఇప్పుడు ఆమెకు కావలసినవన్నీ నేనే చదివి పెడుతున్నాను.

మొన్న ఆ కొత్త పిల్ల చేతిలో గిన్నె పట్టుకుని ఇదంతా చెప్పలేకపోయాను. ఆయాసం వచ్చింది. సంచి తెమ్మని చదివి వినిపించాను. తనకూ చదవడం వచ్చట. "ఇంత చిన్న అక్షరాలు ఎవరు చూస్తారు పెద్దమ్మా?" అంది. నిజమే. అందుకే పెద్ద అక్షరాలతో రాసి కుళాయి పైన గోడకు అంటించాను. ఒత్తు తప్పు పడిందని ఆ పిల్లే చెప్పింది. దిద్దాను.

మేనేజరు వంశం కుక్కలు ఇప్పటికీ పెరటి గుమ్మం దగ్గర పడుకుంటాయి. వాటికి కుడితి దొరకదు. ముద్దే పెడతాం.

వరసలో నన్ను పెద్దకోడలు అంటారు, పేరు అడిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు కనుక అదే నా పేరు. వయసు డెబ్బై మూడు. ఉండేది మిల్లు వెనక వరసలో, కుళాయి పక్క గదిలో, నా చెల్లెలితో.